వెట్టి కాని సేవ

(ఆదిలాబాద్ ప్రాంతపు పల్లె ఉపదేశకులు, బైబిల్ స్త్రీల జ్ఞాపకార్థం చేసిన స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



స్మారకోపన్యాసమంటే వేదిక మీద ఒక ఫొటో, ఆ ఫొటోకు దండ ఉండడం ఆనవాయితీ. ఇవాళ ఇక్కడ ఫొటో లేదు. మనం తలచుకుంటున్నవాళ్లలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా ఫొటో దిగలేదు. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, పొద్దుగూకాక కూలికి పోయి వచ్చినవాళ్లను కందిలి వెలుగులో కూర్చోబెట్టి ప్రార్థన నేర్పిన ఉపదేశకులు వాళ్లు. చేతిలో బైబిలు సంచి, కాళ్లకు దుమ్ము, ఇంటింటికీ తిరిగి బాలింతల దగ్గర, జ్వరం మనుషుల దగ్గర కూర్చున్న బైబిల్ స్త్రీలు వాళ్లు. మిషన్ నివేదికల్లో దొరల పేర్లు, దొరసానుల పేర్లు ఉంటాయి. వీళ్లు మాత్రం చాలాచోట్ల అంకెలుగానే మిగిలిపోయారు.

నాకు ఇచ్చిన అంశం ధైర్యమైన విశ్వాసంతో, ఇష్టపూర్వకమైన సేవతో తోటి విశ్వాసులను బలపరచడం. ఇందులో ‘ఇష్టపూర్వకమైన’ అన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఇంకో దేశంలో ఆ మాట తేలిగ్గా దొర్లిపోతుందేమో. మన దగ్గర అలా కాదు. మన తాతలు, ముత్తాతలు చేసిన పనిలో వాళ్ల ఇష్టాన్ని అడిగిన నాథుడు లేడు. ఈ నేల మీద పనికి ఇంకో పేరు వెట్టి.

వెట్టి అంటే ఏమిటో ఈ సభలో ముసలివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చిన్నవాళ్ల కోసం చెబుతాను. నిజాం రాజ్యంలో దొర గడికి, పటేలు ఇంటికి, ఊరికి దిగిన అధికారి బసకు కూలి లేకుండా చేసే చాకిరీ అది. మాదిగవాళ్లు తోలు తెచ్చి మోట బొక్కెనలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, పైసా అడగకూడదు. మాలవాళ్లు కబురు మోసుకుని ఊరూరా తిరగాలి. అధికారి వస్తే అతని సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా నడవాలి. అక్కడ ఇంకొకడి నెత్తికి ఎత్తాలి. అప్పు కింద జీతగాడుగా చేరినవాడి కొడుకు కూడా జీతగాడే అయ్యేవాడు. నిజాం పోయాకా ఇది పోలేదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. ఆ తరువాత కూడా కరీంనగర్ జిల్లా రైతుకూలీలు 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలమందిగా కదలవలసి వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన సంగతి ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మన పల్లె సంఘాలు ఎక్కువగా పుట్టింది ఈ వెట్టి వాడల్లోనే. ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టి మన క్రైస్తవ చరిత్రను ఎవరు రాసినా అది నాకు సగమే అనిపిస్తుంది.

ఇప్పుడు సువార్తల వైపు వస్తాను. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో, ఒక మైలు దూరం రమ్మని బలవంతం చేసినవాడితో రెండు మైళ్లు వెళ్లమని యేసు చెప్పిన మాట ఉంది. అక్కడ ‘బలవంతం చేయడం’ అన్నదానికి గ్రీకులో వాడిన మాట మామూలు మాట కాదు. అది వెట్టికి సంబంధించిన మాట. పారసీక రాజుల తపాలా ఏర్పాటులో పుట్టి, రోమా కాలం నాటికి సైనికుడు దారిన పోయేవాడిని ఆపి సామాను మోయించే హక్కుకు పేరైంది. కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించినప్పుడూ మత్తయి, మార్కు అదే మాట వాడారు. పొలం నుంచి వస్తున్న మనిషిని పట్టుకుని మోయమన్నారు. అంటే సిలువను మోసిన తోటి మనిషి కూడా ఆ పూట వెట్టివాడే. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మన ముత్తాత నెత్తి మీది మూట కల్వరి దారిలో కూడా ఉంది.

ఈ రెండు మైళ్ల వాక్యాన్ని చెడగొట్టినవాళ్లున్నారు. అణగి ఉండు, ఇంకో మైలు మోయి, పరలోకంలో ఫలం దొరుకుతుంది అని పేదవాడికి బోధించినవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. మొదటి మైలు దొరది. రెండో మైలు మొదలైన క్షణం నుంచి నడక నడిచేవాడిది. అక్కడ ఆజ్ఞ అయిపోయింది. వెట్టివాడు మొదటిసారి తన అడుగుకు తానే యజమాని అయ్యాడు. వెట్టిని ఎదిరించి నిలబడడం ఎంత న్యాయమో, తన చేతుల్ని తన ఇష్టం మీద ఇంకొకరి కోసం చాపడం కూడా అంత స్వేచ్ఛ. మనం తలచుకుంటున్న ఉపదేశకులు ఈ రెండో మైలు మనుషులు.

మార్కు సువార్త సీమోనును అలెక్సంద్రు, రూఫు అనేవాళ్ల తండ్రిగా చెబుతుంది. రోమీయులకు రాసిన పత్రిక చివర పౌలు రూఫు అనే ఒకతనికి వందనం చెబుతూ, అతని తల్లి తనకూ తల్లే అన్నాడు. ఇద్దరూ ఒక్కరే అయి ఉండవచ్చునని భావించే పండితులున్నారు. అయినా కాకపోయినా, సంఘం ఆ వెట్టివాడి పిల్లల పేర్లను గుర్తుపెట్టుకుంది. మనం గుర్తుపెట్టుకోలేదు.

ఫిలిప్పీ సంఘం మాటకొస్తాను. పౌలు చెరలో ఉన్నప్పుడు ఆ సంఘం ఎపఫ్రొదితు చేత కానుక పంపింది. అతను దారిలోనో, చేరాకో జబ్బుపడి చావు అంచుదాకా పోయాడు. తను జబ్బుపడ్డ సంగతి ఊళ్లో తెలిసిపోయిందని, వాళ్లు దిగులు పడతారని అతనే దిగులు పడ్డాడట. ఎంత మన మనిషి! అతను ప్రాణాన్ని లెక్కచేయలేదని చెప్పడానికి పౌలు వాడిన మాటలో పందెం ఒడ్డడమనే అర్థం ఉంది. ఆ మాటకు చుట్టమైన పేరే తరువాతి కాలంలో అలెగ్జాండ్రియా సంఘంలో రోగుల దగ్గర పనిచేసినవాళ్లకు వచ్చింది. ప్రాణం పందెం కాసినవాళ్లని అర్థం. పౌలు ఆ పత్రిక మొదట్లో ఇంకో మాట కూడా అన్నాడు. తన సంకెళ్లు చూసి తోటి సహోదరులు భయం మానుకున్నారని. ధైర్యం గురించి ఆయన వాళ్లకు ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్లు చూశారు, వాళ్లకు అంటుకుంది.

ఇక గోదావరి దాటి అటు పోదాం. బాసర దగ్గర నది దాటితే నిజామాబాద్. అక్కడికి దగ్గర్లోనే డిచ్‌పల్లి. ఇజబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ 1907లో వెస్లియన్ మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. ఆమె కుష్ఠు వైద్యం చేయాలని వచ్చిన మనిషి కాదు. మామూలు జబ్బులకు మందిచ్చే చోటికి పెద్దరోగం ఉన్నవాళ్లు వచ్చి దూరంగా కూర్చునేవారు. ఊరు వెళ్లగొట్టినవాళ్లు, ఇల్లు వెళ్లగొట్టినవాళ్లు, సొంత పిల్లల ముఖం చూడ్డానికి నోచుకోనివాళ్లు. వాళ్లను చూసి ఆమె ముఖం తిప్పుకోలేకపోయింది. 1911లో చిన్నగా ఒక ఆశ్రయం మొదలైంది. అది చాలలేదు. నిజామాబాద్ ప్రాంతపు హిందూ దాత రాజా నర్సా గౌడ్ ముందుకొచ్చి పెద్ద విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి ఏర్పడింది. మన క్రైస్తవ సేవ గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు నర్సా గౌడ్ గారి పేరు చెప్పకుండా దాటేయడం కృతఘ్నత అని నేను అనుకుంటాను.

ఆ రోజుల్లో మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. సూదితో ఒంట్లోకి ఎక్కించాలి. ఒకసారి కాదు, వారాల తరబడి, నెలల తరబడి. సూది పడ్డచోట వాపు, సలుపు. తగ్గుతుందన్న హామీ అందరికీ లేదు. అయినా రోగులు వచ్చారు. ఎందుకు వచ్చారో నేను ఊహించగలను. మందు సంగతి తరువాత, అక్కడ ఒకరు వాళ్ల చెయ్యి పట్టుకున్నారు. ఇజబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు. అదే ఆస్పత్రిలో పనిచేసిన జాన్ లో అనే వైద్యుడు తరువాత నైజీరియాలో ఉజుఅకోలి అనే చోట డాప్సోన్ మందును నోటి ద్వారా ఇచ్చి, సూదులు లేకుండానే కుష్ఠుకు వైద్యం చేయవచ్చునని చూపినవారిలో ఒకరయ్యారు. డిచ్‌పల్లి నుంచి ఆఫ్రికా దాకా ఒక దారి పడింది.

కానీ నా మనసు ఆ డాక్టరమ్మ పక్కన నిలబడ్డవాళ్ల దగ్గరే ఆగుతుంది. ఆస్పత్రి ఇద్దరితో నడవదు. నీళ్లు కాచినవాళ్లు, పుండ్లు కడిగినవాళ్లు, కట్లు ఉతికినవాళ్లు, గంజి వండినవాళ్లు ఉండాలి. వాళ్లు మన తెలుగు పల్లెల మనుషులు. డాక్టరమ్మకు వెనక ఒక దేశం ఉంది, ఒక సంఘం ఉంది. ఈ కట్లు ఉతికిన మనిషి సెలవుకు ఇంటికి పోతే బావి దగ్గర ఏమైందో, పెళ్లి పందిట్లో ఎవరు పక్కన కూర్చున్నారో ఎవరూ రాయలేదు. అప్పటికే అంటరానివారన్న పేరు మోస్తున్నవాళ్లు పెద్దరోగం వాసనను కూడా ఒంటికి పూసుకుని ఇల్లు చేరారు. వాళ్లను ఎవరూ పిలిచి వెట్టికి పెట్టలేదు. వద్దనుకుంటే మానుకోవచ్చు. మానుకోలేదు. ఇష్టపూర్వకమైన సేవ అంటే నాకు ఆ కట్లు ఆరేసిన తాడు కనిపిస్తుంది.

మెదక్ సంగతి మీకందరికీ తెలుసు కాబట్టి కొద్దిగానే చెబుతాను. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌లో ఉన్న కాలంలో కరువొచ్చింది. గుడి కట్టే పని పెట్టి, పని చేసినవాళ్లకు తిండి దొరికేలా చేశారు. 1924 డిసెంబరు 25న ఆ దేవాలయ ప్రతిష్ఠ జరిగింది. ఆ గోపురం ఎత్తు గురించి గైడ్లు చెబుతారు. నేను ఆలోచించేది వేరు. పనిచేస్తే ప్రతిఫలం వస్తుందన్న సంగతి ఆ కూలీల్లో ఎంతమందికి అదే మొదటిసారో! వెట్టి మోసిన నెత్తి మీద రాయి మోసి, సాయంత్రం ఒళ్లో గింజలు పోసుకుని ఇంటికి పోయిన తల్లిని తలచుకుంటే ఆ గుడి నాకు ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళ దేశం నుంచి వచ్చినవారు. తిరునల్వేలి సంఘాలు 1903లో స్థాపించిన భారత మిషనరీ సంఘానికి ఆయన మూలపురుషుల్లో ఒకరు. 1909లో డోర్నకల్ వచ్చి మన భాష నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా చెప్పించేవారట. ఎవరి తల మీద? వెట్టి మూట మోసిన తల మీద. ఇది చిన్న సంగతి కాదు. దొర మూటకు అలవాటైన తలకు ఆయన ఒక పిలుపును ఇచ్చాడు.

ఆయన పేదవాళ్లను కూడా ఇవ్వమన్నాడు. పిడికెడు బియ్యం ఆచారం ఆయన గట్టిగా నిలబెట్టినవాటిలో ఒకటి. పొయ్యి మీదికి బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేయడం. అది సంఘానిది. తినడానికి లేనివాళ్ల దగ్గర తీసుకోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ చిన్నప్పుడు అనిపించింది. మా అమ్మమ్మ గట్క వండే రోజున కూడా పిడికెడు జొన్నలు తీసి కుండలో వేసేది. బియ్యం లేవు కదా అంటే, ఉన్నదే కదా ఇయ్యాలె బిడ్డా అనేది. ఆమె చిన్నతనమంతా గడిలో వడ్లు దంచింది. ఆ వడ్లలో ఒక్క గింజ కూడా ఆమెది కాదు. ఈ పిడికెడు మాత్రం ఆమెది. తనదైనదాన్ని ఇవ్వడంలో ఒక దొరతనం ఉంటుందని, దాన్ని ఎవరూ ఆమె దగ్గర గుంజుకోలేరని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

మన జిల్లాకు తిరిగి వస్తే, ఇక్కడ ఒకే భాష లేదు. తెలుగు, గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ. కేరళ నుంచి వచ్చిన కాథలిక్ గురువులు, సిస్టర్లు ఈ భాషల మధ్య పాఠశాలలు, వైద్యశాలలు నడుపుతూ వచ్చారు. ఒకప్పుడు మన జిల్లా చాందా కాథలిక్ మండలం కింద ఉండేది. 1999లో ఆదిలాబాద్ ప్రత్యేక మండలమైంది. సీఎస్ఐవాళ్లు, కాథలిక్కులు, పెంతెకొస్తువాళ్లు, బాప్టిస్టులు, బ్రదరెన్‌వాళ్లు ఒకే బజారులో ఉంటారు. ఒకరి శవయాత్రలో ఇంకొకరు భుజం పడతారు. ఒకరి ప్రసంగాన్ని ఇంకొకరు తప్పుపడతారు కూడా. శవం దగ్గర కలిసినంత తేలిగ్గా సజీవంగా ఉన్నప్పుడు కలిస్తే బాగుంటుందని నా ఆశ.

ఇవాళ ధైర్యమంటే ఏమిటని యువకులు నన్ను అడిగారు. ఒక్కటి చెబుతాను. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే దక్కింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులైన దళితులకు నేటికీ లేదు. మన రాష్ట్రంలో వాళ్లను వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపులో పెట్టారు, ఆ గ్రూపుకు ఉన్న వాటా ఒక్క శాతం. కాబట్టి బాప్తిస్మం తీసుకుని ఆ మాటను కాగితం మీద రాసుకునే పిల్లవాడు ఏం వదులుకుంటున్నాడో తెలిసే రాసుకుంటున్నాడు. రాసుకున్నవాళ్లకు నేను తల వంచుతాను. రాసుకోలేకపోయినవాళ్లను పిరికివాళ్లని వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. కూలి చేసి బిడ్డను చదివించే తల్లి ముందు ఇలాంటి ఎంపికను పెట్టడమే అన్యాయం. ఆ అన్యాయాన్ని మాట్లాడాల్సింది ఆ తల్లి కాదు. ఉద్యోగాలు, ఇళ్లు, వేదికలు ఉన్న మనం.

ఒక మాట చెప్పకుండా దిగితే నా మనసు ఒప్పదు. గడిలో వెట్టి పోయింది. గుడిలోకి రాకుండా చూసుకుంటున్నామా? సేవ అనే పవిత్రమైన మాట పెట్టి, ఒప్పుకోకపోతే విశ్వాసం తక్కువని భయపెట్టి చేయించుకునే పని వెట్టే. జీతం లేకుండా ఏళ్ల తరబడి కారు నడిపే యువకుడు, పండుగ వస్తే మూడు రోజులు పొయ్యి దగ్గరే ఉండి ప్రసంగం ఒక్కటీ వినలేకపోయే ఆడవాళ్లు, సంఘం మొత్తానికి చాకిరీ చేస్తూ తన జ్వరం ఎవరికీ చెప్పుకోలేని అమ్మగారు, వీళ్లను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా, నీకు ఇష్టమేనా అని?

నేనెరిగిన ఒక సంఘంలో ఒక వితంతువు ప్రతి శనివారం గుడి ఊడ్చి, చాపలు దులిపి వేసేది. పంతొమ్మిది ఏళ్లు. ఒక ఆదివారం చాపల మీద దుమ్ముంది. చిరాకుపడ్డవాళ్లలో నేనొకణ్ణి. ఆమె ఏమైందని అడగాలని నాకు తోచలేదు. ఆరాధన అయ్యాక తెలిసింది, ఆమె నాలుగు రోజులుగా మంచం పట్టి ఉందని. వెళ్లాం. ఆమె మమ్మల్ని చూసి లేచి కూర్చుని, చాపలు ఎవరు వేశారని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆమె చేసింది సేవే, అందులో అనుమానం లేదు. దాన్ని వెట్టిగా తీసుకుంది మేము. ఆ తరువాత సంఘంలో మగవాళ్లం వంతులు వేసుకున్నాం. ఆమె బతికినన్నాళ్లూ మా వంతుల్ని చూడ్డానికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. చీపురు అందుకోబోతే పెద్దమ్మా, ఇవాళ మా వంతు అనేవాళ్లం. చాపల మీద మా చేతి పని ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. కానీ రావడం మానలేదు.

మన తెలంగాణ ఊళ్లలో ఆదెరువు అంటాం. పట్టుకుని నిలబడడానికి ఒక ఆసరా. పరిశుద్ధాత్మకు తెలుగు బైబిలు పెట్టిన పేరు ఆదరణకర్త. ఈ రెండు మాటలు నా చెవికి ఒకే ఇంటివిగా వినిపిస్తాయి. కష్టంలో ఉన్నవాడి దగ్గరికి పోయి, ప్రార్థన చేసి, వాక్యం చెప్పి, చెప్పులు వేసుకుని వచ్చేయడం అలవాటైంది మనకు. మన ఉపదేశకులు అలా చేయలేదు. వాళ్లు ఆ వాడలోనే కాపురమున్నారు. కలరా వచ్చినప్పుడు పక్క ఊరికి పోలేదు. దొర మనుషులు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లు ఉన్నారని తెలిసి జనం రాత్రిపూట నిద్రపోయారు.

ఆ వెనక బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. పోయే ముందు మీ ఊళ్లో మొదట అక్షరం దిద్దించిన పంతులు, మీ అమ్మకు కాన్పు చేసిన బైబిలమ్మ, శనివారం గుడి ఊడ్చిన పెద్దమ్మ, ఎవరు గుర్తుంటే వాళ్ల పేరు, ఊరి పేరు రాయండి. రాయరానివాళ్లు చెప్పండి, పిల్లలు రాస్తారు. పొద్దున మొదటి పేజీలో మా అమ్మమ్మ ఊరి ఉపదేశి పేరు రాద్దామని కలం తీశాను. ఊరంతా ఆయన్ను పంతులు అనేది. అసలు పేరు ఏమిటని మా అమ్మకు ఫోన్ చేసి అడిగాను. ఆమెకూ తెలియదు. పంతులు అనే రాశాను. పక్కన ఊరి పేరు రాశాను.